అర్థం తెగని కలయిక

గత సంవత్సరం మా విద్యార్థి ఒకడు మాకొక పాట వినిపించి, "సార్, ఇది ఖవ్వాలీయేనా?" అని అడిగాడు. గళం నుస్రత్ ఫతే అలీ ఖాన్ గారిదే. కాని మనమెరిగిన చప్పట్ల ఉధృతి లేదు. మందగతిన సాగే యంత్రలయ వినిపించింది. "ఇది కాఫీ హోటళ్లలో వినే సంగీతం" అని తేల్చివేశాము. అతని ముఖం చిన్నబోయింది.

ఆ చిన్నబోయిన ముఖమే ఆ 'మస్త్ మస్త్' ఆల్బమ్ చరిత్రను మాచేత చదివించింది. 1990లో ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థ దానిని వెలువరించింది. నిర్మాత కెనడా దేశీయుడు మైకేల్ బ్రూక్. మేము విన్నది చివరి పాట. బ్రిస్టల్ నగరపు మాసివ్ అటాక్ బృందం దానిని పునర్నిర్మించింది. ఆల్బమ్ కూర్పులో కొన్నిచోట్ల పదబంధాలు నడుమ తెగి, అర్థం చెడింది. నుస్రత్ గారు అందుకు సమ్మతించలేదు. వట్టి సరిగమలైనా సరే, భావధార తెగరాదన్నది ఆయన పక్షం. చివరకు ఇరువురూ ఒక అంగీకారానికి వచ్చారు.

పద్యపఠనంలో పదవిభాగం తప్పితే మేమును విద్యార్థులను మందలిస్తాము. 1997లో కన్నుమూసిన ఆ మహాగాయకుని పట్టుదలయూ అటువంటిదే. ఆయన కాదన్నది కలయికను కాదు, అర్థమెరుగని కోతను. ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు పలుకుతూ బ్రతికే మేము కలయికనే కాదన్నాము!

మరునాడు ఆ విద్యార్థిని పిలిచి, పొరపాటు ఒప్పుకొని, ఆ పాట మరల వినిపించమన్నాము. ఈమారు చివరివరకు విన్నాము.