మూడు మూటలు

మా మరిది పేకాటలో నేర్పరి. పోకరు పోటీలకై లాస్ వెగాసు నగరమున ఆరు వారములుండి రావలెనని అతని కోరిక. చేతిలోని ధనమా, స్వల్పము. “వదినగారూ, లెక్క మీరే వేయవలెను” అని కాగితము నా చేతికిచ్చెను.

ఆ నగరము అమెరికాలోని నెవాడా రాష్ట్రమున ఎడారి నడుమ నున్నది. అచ్చట జూదము 1931లో శాసనసమ్మతమయ్యెను. ప్రపంచ పోకరు పోటీలు 1970లో మొదలయ్యెను. ప్రధానమైన పోటీకి ప్రవేశరుసుమే 10,000 డాలర్లు! 2003లో క్రిస్ మనీమేకర్ అను లెక్కల ఉద్యోగి నూరు డాలర్లకు లోపు చిన్నపోటీలో నెగ్గి, దాని మూలమున ప్రధానపోటీ చేరి, 25 లక్షల డాలర్లు గెలిచెను. మరిది ఆశకు మూలమిదియే. ఆ యేడు ఆడినవారు 839 మందియని నేను జ్ఞాపకము చేసితిని.

ధనమును మూడు మూటలు చేసితిమి. మొదటిది రానుపోను ప్రయాణమునకు. తిరుగు టిక్కెట్టు ముందే కొనవలెను. రెండవది బసకు, భోజనమునకు. వారాంతమున హోటలు గదుల వెల హెచ్చును. అద్దెపై దినరుసుము వేరు. కావున వంటకు వసతిగల గదిని నెలకు మాట్లాడుకొనుట మేలు. జూన్, జూలైలలో ఎండ 40 డిగ్రీలు దాటును. బండిఖర్చు మిగుల్చుటకై మధ్యాహ్నము నడచుట ప్రమాదము. మూడవది ఆటసొమ్ము. గెలిచినను, ఒప్పందముగల కొన్ని దేశములవారికి తప్ప, విదేశీయుల పెద్ద బహుమతులలో నూటికి 30 వంతులు పన్ను పట్టుకొందురు.

మూడవ మూట తరిగిపోయినచో రెండవదాని ముడి విప్పరాదు, ఇల్లు చేరవలెను. ధర్మరాజంతవాడు ఆట ఎచ్చట ఆపవలెనో యెరుగక సర్వము గోల్పోయెను గదా! మరిది ఈ షరతు తన చేతితో వ్రాసి సంతకము చేసెను. ఆ కాగితము నా పెట్టెలో నున్నది.