ఆఱు మెట్లు

2022లో మా విశ్వవిద్యాలయమున జరిగిన యొక సాహిత్యసభకు మేము కార్యదర్శిగా నుంటిమి. సభ చక్కగ జరిగినదని పదిమందియు ననిరి. మేమును అట్లే తలంచితిమి. ఇప్పుడు కలము పట్టినది ఆ సభను మెచ్చుకొనుటకు గాదు, మా తప్పొకటి చెప్పుకొనుటకు. చదువరుల యిండ్లలోను పెండ్లిండ్లు, పేరంటములు, సభలు జరుగుచునే యుండును గావున మా తప్పు వారి కక్కఱకు రాకపోదు.

ఆ యేడు వ్యాసరచనలో ప్రథమ బహుమానము ఎం.ఏ. మొదటి సంవత్సరము చదువుచున్న యొక విద్యార్థినికి వచ్చెను. ఆమె నడువజాలదు, చక్రముల కుర్చీలో సంచరించును. ఈ సంగతి మాకు తెలియనిది గాదు. మా తరగతిలోనే ముందువరుస ప్రక్కను ఆమె కుర్చీని ప్రతిదినమును చూచుచుంటిమి. అయినను కార్యక్రమపు పట్టిక వ్రాయునపుడు ఆమె పేరు వ్రాసితిమి గాని ఆమె కుర్చీ మాకు స్ఫురింపలేదు. మా సభామందిరపు వేదికకు ఆఱు మెట్లు గలవు.

పేరు పిలిచిరి. ఆమె మెట్ల మొదట ఆగెను. అంతలో నలుగురు యువకులు, మంచివారే, పరుగున వచ్చి కుర్చీతో గూడ ఆమెను పైకెత్తి వేదికపై నుంచిరి. సభయంతయు కరతాళధ్వనులతో మారుమ్రోగెను. మా కన్నులు చెమర్చెను. మఱునాడు పత్రికలో ఛాయాచిత్రము పడెను. దాని క్రింద ఆ నలుగురి యౌదార్యమును గూర్చి నాలుగు పంక్తులుండెను. ఆమె వ్యాసమును గూర్చి యొక్క మాటయు లేదు.

వారము దినములకు ఆమె మా గదికి వచ్చినపుడు, బొమ్మ బాగుగ పడినదని మేమే యెత్తితిమి. ఆమె కొంతసే పూరకుండి యిట్లనెను: “మాస్టారూ, ఆ చప్పట్లు నా వ్యాసానికా, నన్ను మోసినవాళ్లకా? ఎత్తేముందు ఒక్కరైనా నన్ను అడగలేదు. పడిపోతానేమోనని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నానని అందరూ అంటున్నారు. అది నవ్వు కాదండీ.”

మాకు సమాధానము తోచలేదు. ఆనాటి స్వాగతోపన్యాసమున సరస్వతీమందిరమున భేదములు లేవని మేమే పలికి యుంటిమి. ఆ వాక్యము బాగున్నదని యొక మిత్రుడు ప్రత్యేకముగ మెచ్చుకొనెను గూడ.

మఱుసటి యేడు సభలో పత్రము చదువుమని ఆమెను కోరితిమి. రానని చెప్పెను. మెట్ల సంగతి మేము చూచుకొందుమంటిమి. “మెట్లు కాదు మాస్టారూ. సభ ఉన్న రోజున పొద్దున్నించీ నేను మంచినీళ్లు తాగను,” అనెను. మాకు బోధపడలేదు. ఆమె నేలవంక చూచుచు విడమరచి చెప్పవలసివచ్చెను: ఆ భవనమున మరుగుదొడ్డి తలుపులో ఆమె కుర్చీ పట్టదు. కూతురు వయసు గల పిల్లచేత ఈ మాట నోరు విడిచి చెప్పించుకొంటిమి గదా యని నేటికిని మాకు సిగ్గు వదలలేదు. ఆలోచించుకొని చెప్పెదనని ఆమె వెడలిపోయెను.

అప్పుడు మొదటిసారిగా టేపు పట్టుకొని సభామందిరమునకు పోతిమి. వేదిక మూడడుగుల యెత్తు. సంఘ సమావేశమున నొకరు ఎనిమిదడుగుల బల్ల వాల్చిన చాలుననిరి. లారీలోనికి బస్తాలెక్కించు బల్ల యట్టిదే. మనుష్యుల మాట వేఱు. ర్యాంపునకు, అనగా వాలుబాటకు, ప్రమాణము ఒక యడుగు ఎత్తునకు 12 అడుగుల నిడివి. ఈ లెక్కను మా వేదికకు 36 అడుగులు కావలెను. నడుమ నిలుచుటకు చదునైన తావు వేఱు. అంత చోటు మా మందిరమున లేదు. అందఱము తలలు పట్టుకొనియుండగా, తేనీరు తెచ్చిన అటెండరు, “పైనే కూర్చోవాలని రూలుందా సార్?” అని యడిగెను.

రూలు లేదు. అయినను ఆ చిన్న ప్రశ్నపై గంటసేపు వాదము జరిగెను. ముఖ్యాతిథిని నేలమీద కూర్చుండబెట్టుట అమర్యాద యని పెద్దలొకరు పట్టుపట్టిరి. బొట్టు పెట్టి పిలిచి పీట వేయకపోవుట అంతకంటె అమర్యాద కాదా యని మేమంటిమి. తుదకు వేదికను పూలకుండలకు విడిచి, వక్తల కుర్చీలను క్రిందికి దింపి, వారి చుట్టు సభ్యుల కుర్చీలను అర్ధచంద్రాకారముగ వేయించితిమి. కొన్ని వరుసలలో నడుమ నొక్కొక్క కుర్చీ తీసివేయించితిమి. చక్రముల కుర్చీవారిని గోడవార నుంచక, స్నేహితుల ప్రక్కను కూర్చుండనిచ్చుట కిది.

ఆహ్వానపత్రిక కథ వేఱొకటి. దీపము, పువ్వులు గల యందమైన బొమ్మగా దానిని చేయించి అందఱి ఫోనులకు పంపితిమి. మా శాఖలో చూపులేని పరిశోధకుడొకరు గలరు. తెరమీది యక్షరములను ఫోనే ఆయనకు చదివి వినిపించును. ఆయన నవ్వుచు, “మీ ఆహ్వానం నాకు ‘చిత్రము’ అని మాత్రమే వినపడిందండీ,” అనిరి. అచ్చుకూటము వారి ఫైలు పంపితిమి. అది మఱింత చిత్రము. అచ్చుకూటములలో వాడు పాత ఖతులు కంటికి తెలుగు గాని యంత్రమునకు గావు. లోపల ఆంగ్లాక్షరముల కలగాపులగ ముండును. చివరకు యూనికోడులో నాలుగు పంక్తులు కొట్టి పంపగా ఆయన ఫోను గడగడ చదివెను. మాకు పట్టినది పది నిమిషములు.

“మీకేమైన నేర్పాటు కావలసినచో ముందుగ తెలుపుడు” అని యందులో నొక వాక్యము చేర్చితిమి. ఒక్కరో యిద్దఱో వ్రాయుదురనుకొంటిమి, పదునొకండుగురు వ్రాసిరి. మోకాళ్ల నొప్పిచే వెనుకటి యేడు రాలేకపోయిన పండితుడొకరు, చంటిబిడ్డ తల్లి యొకతె, చెవులు వినరాని విద్యార్థులు మువ్వురు. ఆ మువ్వురికై సంజ్ఞాభాష దుబాసీలను పిలువవలసివచ్చెను. ఒక్కరు చాలరు, ఇరువది, ముప్పది నిమిషముల కొకరి చేతులు మఱొకరి కప్పగింపవలెను. ముగ్గురి కింత వ్యయమా యని గొణుగుడు పుట్టెను. ఆ యేడు శాలువలు మానివేసితిమి, సొమ్ము సరిపోయెను. సభలో నొకరు తెరమీద బొమ్మలు చూపుటకై దీపములార్పగా దుబాసీ చేతులు చీకటిలో కలిసిపోయినవి. మూడవ వరుసనుండి ఆ విద్యార్థులలో నొకడు తన ఫోను దీపమును వారివైపు త్రిప్పి నిలిచెను. ఇది మేము ముందుగ తలపోయని తప్పు.

ఆ విద్యార్థిని వచ్చెను. ఇరువది నిమిషములు చదివెను. ఒక యధ్యాపకుడు ఆమె వాదమును గట్టిగ ఖండించెను, ఆమె యంతకంటె గట్టిగ బదులు చెప్పెను. చప్పట్లు మామూలుగనే మ్రోగెను. మాకు మిక్కిలి సంతోషమయ్యెను. కాని ఒంటిగంటకు విస్తరి ముట్టకుండ ఆమె వెడలిపోయెను. మరుగుదొడ్డి తలుపు 24 అంగుళములు, ఆమె కుర్చీ 26.

ఆ తలుపు కాగితము ఒక బల్లనుండి మఱొక బల్లకు ఏడాది తిరిగెను. చట్టము లేక కాదు. 1995 నాటి చట్టమునకు మారుగా వచ్చిన 2016 నాటి హక్కుల చట్టము, ఉన్నత విద్యాసంస్థలలో వికలాంగులకు నూటికి 5 స్థానములకు తగ్గకుండ కేటాయింపవలెనన్నది. లోనికి వచ్చినవారు ఎక్కడ తిరుగవలెను? మా కాగితము కదలుచుండగనే 2024 నవంబరులో సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణములు ఉత్త సలహాలుగ నుండరాదు, తప్పనిసరి నియమములు కావలెనని తీర్పిచ్చెను. ఆ వ్యాజ్యమున కోర్టు చేయించిన నివేదిక మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమున తయారైనది. తీర్పు ప్రతిని మేము కాగితమునకు జతపఱచితిమి. దానివలననో, మా పోరు పడలేకయో, 2025 సంక్రాంతి సెలవులలో తాపీవారు వచ్చి గోడ పగులగొట్టిరి.

తలుపిప్పుడు 36 అంగుళములు. అప్పటికి ఆమె పట్టము పుచ్చుకొని యూరు విడిచి యుండెను. క్రొత్త తలుపు ఛాయాచిత్రము తీసి, కొంత గర్వముతోనే, ఆమెకు పంపితిమి. సాయంకాలమునకు జాబు వచ్చెను: “చాలా సంతోషం మాస్టారూ. లోపల కుర్చీ తిరగడానికి చోటుందా?”

అందు కయిదడుగుల చదరము వలయును. టేపు తీసికొని మరల పోతిమి.