ఏ నీళ్లు తాగుతున్నారు?

ఫ్లోరోసిస్ తాగే నీటితో ఒంట్లోకి వచ్చి ఎముకలో కాపురం పెట్టే జబ్బు. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం ప్రాంతాల్లో నేల కింద ఉన్నవి ఎక్కువగా గ్రానైటు, నైస్ రాళ్లు. వాటిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ ఉన్నచోట నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, క్షారగుణం పెరిగి కాల్షియం తగ్గినకొద్దీ ఆ ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. రంగు మారదు, వాసన రాదు. అద్దంలా తేటగా ఉన్న ఆ నీళ్ల మీద ఊళ్లో ఎవరికీ అనుమానం రాదు.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ భారతీయ ప్రమాణం. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లను వేసవిలో పొలం పనిచేసే రైతు రోజుకు నాలుగు లీటర్లు తాగాడనుకుంటే, నీటి నుంచే 16 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టు. అన్నం, పప్పు ఉడికేదీ ఆ నీళ్లలోనే. అది వేరే లెక్క. రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకకు ముప్పు పెరిగే సూచనలున్నాయనీ, 14 దగ్గర అది స్పష్టంగా కనబడుతుందనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లోపలికి వెళ్లినదాంట్లో సుమారు సగాన్ని మూత్రపిండాలు బయటికి పంపిస్తాయి. మిగిలినది దాదాపు అంతా ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. ఎదిగే పిల్లల్లో ఇలా నిలిచే వాటా ఇంకా ఎక్కువ.

ఓపీలో ఈ జబ్బు తన పేరు చెప్పుకుని రాదు. నడుంనొప్పి అనే వస్తుంది. యాభై దాటిన రైతు లోపలికి వచ్చి, పక్కనున్న మనిషిని చూడటానికి మెడ తిప్పకుండా ఒళ్లంతా తిప్పుతాడు. గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటే నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోతుంది. కింద వేసిన రూపాయి బిళ్లను మోకాళ్లు వంచకుండా తీయమంటే నవ్వి ఊరుకుంటాడు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమంటే మోచేతులు సగంలోనే నిలిచిపోతాయి. ఎక్స్‌రే అక్కర్లేకుండా ఊరి బడి వరండాలోనైనా చేయదగ్గ పరీక్షలు ఈ మూడూ. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూసలు సుద్దముక్కల్లా తెల్లగా కనిపిస్తాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర సున్నం పట్టి, ఎముక అంచున ముళ్లకంపలా పొడుచుకొచ్చి ఉంటుంది. ఈ ముళ్లు కనబడ్డాక వేరే రోగనిర్ధారణ కోసం వెతకడం అరుదు.

అయితే అతను ఆ ఎక్స్‌రే దాకా రావడానికే ఏళ్లు పడుతుంది. ఈలోపు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర వారానికో సూది, రోజుకో నొప్పి బిళ్ల. ఆ బిళ్లలు ఏళ్ల తరబడి వాడితే దెబ్బతినేది మూత్రపిండం. మూత్రపిండం నీరసించేకొద్దీ ఫ్లోరైడ్ బయటికి పోవడం తగ్గి, ఎముకలోకి చేరేది పెరుగుతుంది. నొప్పి పెరుగుతుంది, బిళ్లలూ పెరుగుతాయి. ఈ గానుగ తిరుగుడును ఆపగల ప్రశ్న ఒక్కటే, కానీ కేస్ షీటులో దానికి గడి లేదు. తిండి, నిద్ర, బీడీ, మందు అన్నీ రాసుకుంటారు. ఏ నీళ్లు తాగుతున్నారని మాత్రం అడగరు. అడిగితే వచ్చే జవాబు కూడా పొట్టిదే: "బోరు నీళ్లే సారూ, ఇంకేం తాగుతం?"

ఆ ప్రశ్న అడగకపోతే వైద్యుడి మంచి సలహాలే చెడు చేస్తాయి. కిడ్నీలో రాయి ఉన్న కుర్రాడికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగమని చెప్పడం ఏ ఊళ్లోనైనా సరైన వైద్యమే. ఫ్లోరైడ్ ఊళ్లో అదే నీళ్లు తాగమంటే, రాయి పోగొట్టి ఎముక మీద భారం మోపినట్టవుతుంది. పసిపిల్ల తల్లికి నీళ్లు కాచి చల్లార్చి పట్టమని చెప్తారు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ చావదు. రెండు లీటర్లు మరిగి ఒకటిన్నరకు వస్తే, రెండు లీటర్లలో ఉన్నదంతా ఆ ఒకటిన్నరలోనే ఉంటుంది. లీటరుకు 4 ఉన్నది 5.3 అవుతుంది. శ్రద్ధగా ఎక్కువసేపు కాచే తల్లి బిడ్డకే ఎక్కువ అందుతుంది. జొన్న సంగతీ కొంత అలాంటిదే. వరన్నం తిన్నవాళ్ల కంటే జొన్నన్నం తిన్నవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1970లలోనే గమనించింది. చిరుధాన్యాలను సర్వరోగ నివారిణిగా చెప్పే ఈ రోజుల్లో ఇది వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. జొన్న చెడ్డదని దీనర్థం కాదు, ముందు నీళ్లు మార్చాలని అర్థం. అదే సంస్థ 2002లో మరో సంగతి చూపింది. రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. పులుసుతో జబ్బు నయమవుతుందని కాదు గానీ, వైద్యుడు కాదనాల్సిన అవసరం లేని పథ్యం ఇదొక్కటి.

భారతదేశంలో ఈ జబ్బును మొదట వైద్య పత్రికకు ఎక్కించింది కూడా తెలుగు నేల నుంచే. షార్ట్ అనే వైద్యుడి బృందం 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగుల గురించి రాసింది. నల్లగొండ జిల్లా గురించి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. అప్పటికి ఈ ఊళ్లలో తాగేది ఎక్కువగా చేదబావుల నీళ్లే. తరువాత వచ్చిన బోరు యంత్రం రాతి లోతుల్లోని పాత నీటిని పైకి తెచ్చింది. లోతుకు వెళ్లేకొద్దీ చాలాచోట్ల ఫ్లోరైడ్ పెరిగింది.

నాగార్జునసాగర్ కథ ఇంకా చిక్కు. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక వరి పండింది, ఊళ్లు పచ్చబడ్డాయి. కొన్నేళ్లకే చుట్టుపక్కల పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగులుతూ పాదాలు ఎడమయ్యే వంకర కనిపించింది. పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో దీన్ని వివరించారు. డ్యాం వల్ల భూగర్భ జలం పైకి వచ్చి నేల క్షారగుణం పెరగడం, జొన్నలో మాలిబ్డినం ఎక్కువ కావడం, దాంతో ఒంట్లో రాగి తగ్గి ఎముక బలహీనపడటం అనే వరసను ఆ సంస్థ ఆ తరువాత చూపింది. నీటిలో ఫ్లోరైడ్ ఎప్పటిదో. దానికి కొత్త తోడు దొరికింది.

పరిష్కారాలకూ ఇలాంటి చరిత్రే ఉంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో నీటిని శుద్ధిచేసే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. ఆ పేరుతో అది టాంజానియా, ఇథియోపియాల దాకా పోయింది. పుట్టిన చోట మాత్రం రోజూ పటిక కొలిచి కలిపే మనిషి, అడుగున చేరే మడ్డిని ఎత్తిపోసే మనిషి దొరకక చాలాచోట్ల తొట్లు ఎండిపోయాయి. ఇప్పుడు ఊరూరా ఆర్వో ప్లాంట్లున్నాయి. అవి ఫ్లోరైడ్‌ను బాగానే తీసేస్తాయి. కానీ వదిలేసిన నీళ్లలో అది ఇంకా చిక్కబడి, గొట్టంలోంచి ప్లాంటు వెనక మోరీలోకి, అక్కణ్ణుంచి మళ్లీ నేలలోకే పోతుంది. బోరు ఎక్కువసార్లు ఆ మోరీ పక్కనే ఉంటుంది.

తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద నది నీళ్లు నల్లాలోకి రావడం వీటన్నిటికంటే పెద్ద మార్పు. దాని ఫలితం ముందుగా పిల్లల పళ్లలో కనిపించాలి. శాశ్వత దంతాల ఎనామెల్ ఎనిమిదేళ్ల వయసులోపు తయారవుతుంది కాబట్టి, గారపళ్ల లెక్క ఆ వయసులో తాగిన నీటి లెక్కే. పెద్దవాళ్ల ఎముకలో చేరినది మాత్రం ఏళ్ల తరబడి నెమ్మదిగా దిగుతుంది. అతుక్కుపోయిన మెడ మళ్లీ వదులు కాదు.

నల్లా వచ్చిన ఊళ్ల నుంచి వచ్చే రైతును ఏ నీళ్లు తాగుతున్నారని అడిగితే, నల్లా నీళ్లేనని తడుముకోకుండా చెప్తాడు. అది నిజమే, ఇంటి దగ్గర. పొద్దున ఆరింటికి పొలానికి పోయి, మిట్టమధ్యాహ్నం మోటరు పైపు కింద దోసిలి పట్టి తాగే నీళ్లేమిటని మరోసారి అడిగితే గానీ రోజులో అతను ఎక్కువ తాగేది ఎక్కడో బయటపడదు.