తిరగబడ్డ అక్షరాలు

ఈ సంచిక పని చేసిన పూర్వ విద్యార్థులం నలుగురం. ఎవరు ఏ వాక్యం దిద్దారో తెలియాలని వ్యాసాలన్నీ గిట్‌లో పెట్టాం. తీరా చూస్తే కొన్ని ఫైళ్లలో మార్పులే చూపించదు, 'బైనరీ' అంటుంది. అవి యూటీఎఫ్-16లో దాచినవి. అందులో తెలుగు అక్షరానికి రెండు బైట్లు, రెండూ సున్నా కావు. కానీ మాటల మధ్య ఖాళీలో ఒక సున్నా బైటు ఉంటుంది. మొదటి 8000 బైట్లలో సున్నా ఒక్కటి కనబడితే చాలు, గిట్ దాన్ని బైనరీగా లెక్కేస్తుంది. ఖాళీయే మమ్మల్ని పట్టిచ్చిందన్నమాట!

యూటీఎఫ్-8లోకి మార్చే ప్రోగ్రాము మాలో ఒకడు రాశాడు. మిగతావాళ్లం పరీక్ష పేపరు దిద్దినట్టు లైను లైనూ చదివాం. మార్చినదాన్ని మళ్లీ వెనక్కి మార్చి బైటుకు బైటు పోల్చాం. సరిపోయింది. ఓకే అనేశాం.

పదో తరగతి తమ్ముడు వాళ్లమ్మ మీద రాసిన వ్యాసం తెరిస్తే రష్యన్ లాంటి అక్షరాలు! నెట్ సెంటర్‌లో టైపు చేయించిన ఆ ఫైలు మొదట్లో బైట్ల వరుస చెప్పే గుర్తు లేదు. మా ప్రోగ్రాము తిరగేసి చదివింది. 'అ' సంఖ్య 0సి05. తిరగేస్తే 050సి, అది సిరిలిక్ అక్షరం. రెండుసార్లు తిరగేస్తే మొదటికే వస్తుంది కదా, పోలిక అందుకే సరిపోయింది. 2018లో వచ్చిన గిట్ 2.18లోని మార్పిడి సౌకర్యం, యూటీఎఫ్-16 అని చెప్పి గుర్తు లేని ఫైలిస్తే ఒప్పుకోదు. ఆ జాగ్రత్త మాకు తట్టలేదు.

అదృష్టం, బైట్లు పోలేదు. వ్యాసం ఈ సంచికలోనే ఉంది, చదవండి.