శాక్రమెంటో జట్టు కబుర్లు

ఏమండీ, ఆ వంకాయ మొక్కలకి కాసేపాగి నీళ్లు పోద్దురుగాని, ఇలా గోడ దగ్గరికి రండి. ఫాల్సమ్‌లో ఇల్లు కొనుక్కున్నారు, పిల్లాణ్ణి సాకర్‌లో వేశారు, పక్కనే ఉన్న శాక్రమెంటో రిపబ్లిక్ జట్టు సంగతి మాత్రం తెలీదంటారా? మీవాడికి తెలిసే ఉంటుంది లెండి. ఈ వయసులో పిల్లలు మనకేం చెబుతారు!

పెద్ద లీగు కాదండీ. పెద్దది ఎంఎల్ఎస్. దాని కిందది యూఎస్ఎల్ ఛాంపియన్‌షిప్, అందులో ఆడతారు వీళ్లు. ఇంగ్లండులో అయితే కింద బాగా ఆడినవాళ్లు పై లీగుకి వెళ్తారు. ఇక్కడ ఆ లెక్క లేదు. ఎన్ని గెలిచినా పైకి వెళ్లాలంటే డబ్బు కట్టాల్సిందే. ఎంతనుకున్నారు? శాక్రమెంటోకి చెప్పింది 20 కోట్ల డాలర్లు!

పోనీ ఆటలో తక్కువా అంటే, 2014లో మొదలెట్టిన ఏడాదే లీగు గెలిచేశారు. సొంతూళ్లో తొలి ఆటకే ఇరవై వేల పైన జనం వచ్చారు. 2019లో ఎంఎల్ఎస్ వాళ్లు సరే రమ్మన్నారు. 2022 నుంచి ఆడాలని మాట. ఇంతలో 2021 ఫిబ్రవరిలో, పెద్ద పెట్టుబడి పెడతానన్న రాన్ బర్కల్ తప్పుకున్నాడు. ఊరంతా ఉసూరుమంది. నాకిప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

అసలు కథ ఇప్పుడు వినండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే కట్టేసి రండి, నేనెక్కడికీ పోను. యూఎస్ ఓపెన్ కప్ అని ఒకటుంది, పై లీగువాళ్లూ కింది లీగువాళ్లూ కలిసి ఆడతారు. పెద్ద లీగులో అడుగుపెడతారనుకున్న ఆ 2022లోనే మనవాళ్లు పెద్ద లీగు జట్లని వరసపెట్టి ఓడించారు. ముందు శాన్ హోసే. తర్వాత లాస్ ఏంజెలెస్ గెలాక్సీ, అదీ వాళ్ల గడ్డ మీదే, 2-1తో. జులై 27న సెమీఫైనల్, కాన్సస్ సిటీతో, మన కాల్ ఎక్స్‌పోలో. ఆ స్థలం చూశారా మీరు? మన నాంపల్లి నుమాయిష్ లాంటిది, వేసవిలో రాష్ట్రమంతా కలిసే సంత జరుగుతుంది. స్టేడియం అక్కడే.

ఆటంతా ఒక్క గోలు లేదు. అదనపు సమయంలోనూ లేదు. పెనాల్టీల దాకా వెళ్లింది. గోల్‌కీపర్ డానీ విటియెల్లో ఒకటి ఆపేశాడు. ఇక ఆఖరిది కెప్టెన్ రోడ్రిగో లోపెజ్ వంతు. ఈయన గురించి చెప్పాలి మీకు. మెక్సికోలో గ్వాదలహారాలో పుట్టాడు. 2014లో గెలిచిన జట్టులోనూ ఉన్నాడు, మధ్యలో వేరే జట్లకి వెళ్లి మళ్లీ ఇక్కడికే చేరాడు. అప్పటికి 35 ఏళ్లు. ఆటగాళ్లలో ఆ వయసంటే పెద్దాయన కిందే లెక్క. అయినా ఆఖరి తన్ను ఆయన చేతే తన్నించారు చూడండి, అందుకే ఆ జట్టంటే నాకంత ఇష్టం. కొట్టేశాడు. 5-4!

2008లో చార్ల్‌స్టన్ తర్వాత వీళ్ల దాకా కింది లీగు జట్టేదీ ఫైనల్‌కి రాలేదండీ. సెప్టెంబర్ 7న ఓర్లాండోలో ఫైనల్, 75 నిమిషాల దాకా ఆ ఊరి జట్టుకి గోలివ్వలేదు. ఆఖర్లో 3-0తో పోయింది. పోతే పోయింది. ఆ మర్నాటి నుంచి మళ్లీ లీగు ఆటల పనే కదా. మరుసటి ఏడు పడమటి విభాగంలో మొదటి స్థానం వీళ్లదే. డబ్బు మాట పక్కనపెట్టి ఆటే చూస్తే, వీళ్లు పైన ఉండాల్సినవాళ్లే అంటాను నేను.

అన్నట్టు, గోల్ వెనకాల ఒక గుంపుంటుంది, టవర్ బ్రిడ్జ్ బెటాలియన్ అని. ఊళ్లో బంగారు రంగు వంతెన ఉంది చూడండి, దాని పేరే పెట్టుకున్నారు. కూర్చోరు, నోరు మూయరు, డోళ్లు ఆపరు. మీవాడు వాళ్లలో కలిసిపోతే ఇంటికి రాడు, ముందే చెబుతున్నా. ఈసారి టిక్కెట్లు తీసేటప్పుడు మీకూ తీస్తాను. పగలు మాడ్చేసినా చీకటి పడ్డాక డెల్టా గాలి చల్లగా కొడుతుంది, మీ ఆయనకి స్వెట్టర్ మర్చిపోకండి.