మా మోతీ ఎందుకు మొరుగుతుంది?

మా మోతీ సంకరజాతి కుక్క; పామాయిలు తోటలో దొరికింది. కొత్తవారిని చూసి మొరుగుతున్నదని, దానిని ఎక్కడైనా విడిచిపెట్టమని ఇరుగుపొరుగువారు అంటున్నారు. దాని తలపేమిటో మీరే వినండి. పోస్టుమాన్ మోటారుసైకిలు గేటు ముందు ఆగగానే మోతీ మొరుగుతుంది. ఆయన ఉత్తరం వేసి తన దారిన వెళ్ళిపోతారు. తన అరుపు వల్లనే శత్రువు పారిపోయాడని మోతీ నమ్మకం! అందుకే మరునాడు ఇంకా గట్టిగా మొరుగుతుంది. దాని తోకను గమనించండి. తోకను కాళ్ళ నడుమ ముడుచుకొని, వెనుకకు అడుగులు వేస్తూ మొరిగితే అది కోపం కాదు, భయం. కసరితే ఆ భయం పెరుగుతుంది. ఇప్పుడు మోటారుసైకిలు చప్పుడు వినగానే అమ్మ దానిని లోపలికి పిలిచి కోడిమాంసం ముక్క పెడుతున్నది. మీరు మా ఇంటికి వస్తే పరుగెత్తకండి. దాని కళ్ళలోకి చూడక, పక్కకు తిరిగి కదలకుండా నిలబడండి. నేను వచ్చి లోపలికి తీసుకువెళతాను.