తెల్లదారం చుట్టిన మిషను

"అమ్మా, రేపు చైనా వాళ్ళ ఆర్ట్ ఎగ్జిబిషన్‌కి వెళ్దామా?" అని మా అమ్మాయి అడిగినప్పుడు నేను సున్నుండలు చుడుతున్నాను. చైనా కళ అంటే నాకు తెలిసినవి రెండే. ఒకటి బొజ్జ ఊపుకుంటూ నవ్వే లావుపాటి బుద్ధుడు, రెండోది మా మరదలు షోకేసులో పెట్టుకున్న పింగాణీ బాతు. "ఆ మాత్రం దానికి ఈ చలిలో అంత దూరం దేనికే?" అన్నాను.

2017 డిసెంబరు నాటి మాట ఇది. పురుడు పోయడానికని న్యూజెర్సీ వెళ్ళాను. మనవరాలికి మూడో నెల. అమెరికాలో పురుడు పోసొచ్చిన తల్లుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లకి నలుగు, తల్లికి వెల్లుల్లి కారం, కిటికీలోంచి చూస్తే మంచు. అంతే లోకం. నా మొహం చూసి జాలిపడ్డాడేమో, మా అల్లుడు "పాపని నేను చూసుకుంటాను అత్తయ్యా, మీరిద్దరూ వెళ్ళి రండి" అన్నాడు.

రైలెక్కి న్యూయార్క్ చేరాం. గుగెన్‌హైమ్ మ్యూజియం అట. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే పెద్దాయన నమూనా గీస్తే 1959లో తెరిచారట. ఆ కట్టడం చూస్తే నాకు జంతికల గొట్టం గుర్తొచ్చింది. పిండి ఒత్తుతూ తిప్పినట్టు గుండ్రంగా చుట్టుకుంటూ పైకి పోతుంది. మెట్లు ఎక్కక్కర్లేదు, వాలుగా ఉన్న దారి వెంట నడుచుకుంటూ పోతే పై అంతస్తు వచ్చేస్తుంది. మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి బాగుంటుంది లెండి.

1989 నుంచి 2008 దాకా చైనాలో వచ్చిన కొత్త కళని ఒకచోట పెట్టారు. డెబ్భైమంది దాకా కళాకారులు. తియానన్మెన్ చౌకులో కాల్పులు జరిగిన ఏడాది మొదలు, బీజింగ్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాదితో ఆఖరు. ఆ ఇరవయ్యేళ్ళలో ఆ దేశం ఎంత మారిందో, ఆ మార్పుని మనుషులు ఎలా తట్టుకున్నారో చెప్పాలని వాళ్ళ ఉద్దేశమని అమ్మాయి వివరించింది.

లోపల అడుగుపెట్టి తలెత్తి చూద్దును కదా, పై నుంచి ఓ పెద్ద డ్రాగన్ వేలాడుతోంది! ఎనభై అడుగులు దాటి ఉంటుంది. తేరిపార చూస్తే అదంతా సైకిల్ ట్యూబులు. మన వీధి చివర పంక్చర్లు వేసే కుర్రాడి దగ్గర ఉండే ట్యూబులే. వాటిని జడ అల్లినట్టు అల్లి ఒళ్ళు చేశారు. ఒంటి నిండా చీమల్లా నల్లటి బొమ్మకార్లు. చేసినాయన పేరు చెన్ జెన్. 1999లో చేశాడట. ఆ మరుసటేడే, నలభై అయిదో ఏట పోయాడట పాపం. సైకిళ్ళ దేశం కాస్తా ఎకాఎకిన కార్ల దేశమైపోతోందని ఆయన బెంగ. "దీని పేరేమిటో తెలుసా అమ్మా? ఉరుకులు పరుగుల మీద వచ్చిన కాన్పు అని అర్థం" అంది అమ్మాయి. పురుటి కోసం సముద్రాలు దాటొచ్చిన దాన్ని, నాకా మాట అర్థం కాకపోతే ఎవరికవుతుంది చెప్పండి! ఆ డ్రాగన్ని చూసి "అయ్యో తల్లీ" అనుకున్నాను.

ఇంకోచోట ఖాళీ బోను ఒకటుంది. హువాంగ్ యోంగ్ పింగ్ అనే ఆయన 1993లో చేసినది. అందులో పురుగుల్నీ బల్లుల్నీ వదిలితే అవి ఒకదాన్నొకటి పట్టి తినడం జనం చూడాలిట. జంతువుల మీద ప్రేమ ఉన్నవాళ్ళు గొడవ చేయడంతో మ్యూజియం వాళ్ళు వాటిని తీసేశారు. ఆయన విమానంలో వస్తూ, వాంతులకిచ్చే కాగితం సంచీ మీద తన జవాబు రాసుకొస్తే, దాన్నీ ఆ బోను దగ్గరే పెట్టారు. బల్లులు లేనందుకు నేనైతే సంతోషించాను.

జాంగ్ పెయిలీ అనే ఆయన 1957లో పుట్టాడట, సరిగ్గా నా ఈడువాడు. 1991లో ఆయన ఒక వీడియో తీశాడు. అందులో చైనా టీవీలో వార్తలు చదివే ఆవిడ కూర్చుని, మన దూరదర్శన్‌లో ఏడు గంటల వార్తల్లా, మొహంలో ఏ మార్పూ లేకుండా నిఘంటువులోంచి "నీరు" అనే మాటకి అర్థాలు చదువుతూ పోతుంది. ముందు నవ్వొచ్చింది. కాసేపటికి భయమేసింది. ఆ గొంతుతో ఏది చదివినా వార్తే అనిపిస్తుంది కదా!

పైకి పోయినకొద్దీ చిన్నవాళ్ళు. 1978లో పుట్టిన త్సావ్ ఫే అనే అమ్మాయి కంప్యూటర్లోనే ఓ ఊరు కట్టేసింది. తండ్రుల తరం సైకిల్ ట్యూబులతో చెప్పిందాన్ని పిల్లల తరం కంప్యూటర్ బొమ్మలతో చెబుతోందన్నమాట.

సరే, ఇవన్నీ చూశాను, ఆశ్చర్యపోయాను. కానీ ఇంటికి తెచ్చుకున్నది మాత్రం ఒక్కటే.

అది ఓ కుట్టు మిషను. బల్లతో సహా తెల్లటి నూలుదారం చుట్టేశారు. చక్రం, మెడ, ఏదీ వదలకుండా, వరస తప్పకుండా. దాని మీద వీడియోలోంచి రెండు చేతులు పడుతున్నాయి. చేతులు కుడుతూనే ఉన్నాయి, మిషను మాత్రం కదలదు. లిన్ తియాన్‌మియావ్ అనే ఆవిడ 1997లో చేసినది. ఆవిడ 1961లో పుట్టింది. చిన్నప్పుడు తల్లికి సాయంగా దారం ఉండలు చుట్టేదట. పెద్దయ్యాక న్యూయార్క్‌లో బట్టల డిజైన్లు గీసే పని చేసి, 1995లో బీజింగ్ తిరిగొచ్చింది. వచ్చాక మళ్ళీ ఆ దారమే పట్టుకుంది. పెనాలూ కెటిళ్ళూ లాంటి ఇంటి సామాన్లు వందల కొద్దీ తెచ్చి, ఇలాగే దారం చుట్టింది.

నేను అక్కడ నిలబడిపోయాను. నాకు మా తెనాలి ఇంట్లో తొక్కుడు మిషను కనబడింది.

మావారి జీతం పదిహేనో తారీకు దాటేది కాదు. నేను జాకెట్లు కుట్టేదాన్ని, ఫాల్స్ వేసేదాన్ని, పండగలొస్తే పరికిణీలు. కొలత జాకెట్టు, సుద్దముక్క, కత్తెర, ఇవే నా ఆస్తి. వంటయ్యి అందరూ పడుకున్నాక కూర్చుంటే ఒంటిగంట అయ్యేది. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజుల్లో సగం ఆ మిషనే కట్టింది. ఇది గొప్పకి చెప్పడం లేదు, లెక్క చెబుతున్నాను.

అమ్మాయి కాలేజీలో చేరే రోజున ఫారంలో తల్లి వృత్తి అన్నచోట "ఏమీ లేదు" అని రాసింది. నేను పక్కనే మిషను తొక్కుతూ చూశాను. కాలు ఆపలేదు. దానిది తప్పని ఎలా అంటాను? దాని పెళ్ళిచూపులనాడు ఎవరూ చెప్పకుండానే ఆ మిషను మీద దుప్పటి కప్పి, పైన పూలకుండీ పెట్టింది నేనే కదా. దర్జీ పని చేసే ఇల్లని వచ్చినవాళ్ళు చిన్నచూపు చూస్తారని నా భయం.

ఇక్కడ ఈవిడ కూడా మిషను కనబడకుండా కప్పేసింది. కానీ ఎలా కప్పింది! గంటల తరబడి, రోజుల తరబడి, చేత్తో చుట్టి చుట్టి కప్పింది. కప్పి పెరటిగదిలో పెట్టలేదు, లోకమంతా చూసేలా నడిమధ్య నిలబెట్టింది. అదీ తేడా. ఆ దారం ప్రేమతో చుట్టిందో, ఆడదాన్ని పనికి కట్టేసిన కట్టో నాకైతే తెలియదు. చూస్తున్నకొద్దీ రెండూ అనిపించాయి. మన బతుకులో కూడా రెండూ ఉన్నాయి కదండీ.

పక్కన అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక, "రాత్రిళ్ళు నీ మిషను చప్పుడు ఆగితే నాకు మెలకువ వచ్చేసేదమ్మా. మళ్ళీ మొదలెడితే గానీ నిద్రపట్టేది కాదు" అంది.

నేను ఊఁ అన్నాను.

"కాలేజీ ఫారంలో నీ గురించి ఏం రాశానో గుర్తుందా?"

"లేదే. అవన్నీ ఎవరికి గుర్తుంటాయి?" అన్నాను.

"నాకు గుర్తుంది" అంది.

అంతే. ఇంకేం అనలేదు. నా కోటు గుండీ ఊడితే పెట్టింది. పదేళ్ళప్పుడు జడ వేయించుకోవడానికి నా ముందు కూర్చున్నప్పటి మొహంలా ఉంది దాని మొహం. రైల్లో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పసిపిల్ల తల్లికి నిద్రెక్కడిది!

"నీ మిషను ఇప్పుడెక్కడుందమ్మా?" అని ఇంటికొచ్చాక అడిగింది. దానికి ఉద్యోగం వచ్చిన కొత్తలో "ఇంక కుట్టకమ్మా" అంటే, మా వెనక వీధిలో భర్త పోయిన ఓ అమ్మాయికి ఇచ్చేశాను. అది ఇప్పటికీ నడుస్తోంది. ఆవిడ దాంతోనే ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. వెనక్కి అడగాలని ఎప్పుడూ అనిపించలేదు. మ్యూజియంలో మిషను అందంగా ఉంది, కానీ కుట్టదు. నాది కుడుతోంది. నాకదే బాగుంది.

2018 ఫిబ్రవరిలో తిరిగొచ్చాను. మొన్నామధ్య ఏదో కాగితం నింపాల్సి వచ్చింది. వృత్తి అన్నచోట ఎప్పటిలా గీత గీయబోయి ఆగాను. "కుట్టుపని, ఇంటిపని" అని రాశాను. కౌంటర్లో అబ్బాయి తలెత్తి ఒకసారి చూసి, ముద్ర వేసి ఇచ్చేశాడు.

మీ ఇంట్లోనూ దుప్పటి కప్పిన మిషనో, అటకెక్కించిన పచ్చళ్ళ జాడీలో, ఎవరికీ చెప్పని సంపాదన లెక్కలో ఉండే ఉంటాయి. ఒక్కసారి ఆ దుప్పటి తీసి చూడండి. పిల్లలకి చూపించండి. వాళ్ళకీ గుర్తుండే ఉంటుంది.